నీళ్లు పోసి తీసిన ఫొటో

ఆ రోజుల్లో, అంటే ఇంటర్నెట్ ఇంకా అందరి జేబుల్లోకీ రాక, సెంటర్లలో చెక్క అరల మధ్య మాత్రమే దొరికే కాలంలో, ఒక మనిషికి వెబ్‌సైట్ ఉందంటే ఊళ్లో అతని ఇంటికి ఇంకో అంతస్తు లేచినట్టే ఉండేది. ఇప్పుడు పదో తరగతి పిల్లలు కూడా మధ్యాహ్నం భోజనంలోపు ఒకటి తయారుచేసేస్తున్నారు. వాళ్లలో కొందరు నా దగ్గరికి వచ్చి, "అంకుల్, కొత్తగా వెబ్‌సైట్ పెడుతున్నం, జర నాలుగు సలహాలు చెప్పుండ్రి" అని అడుగుతుంటారు. నేను మొహం గంభీరంగా పెట్టి, రంగులు తక్కువ వాడమనీ, ఫోన్ నంబరు పైనే కనబడేలా పెట్టమనీ, లేని గొప్పలు రాయొద్దనీ చెబుతాను. ఆ సలహాలను ఎవరి దగ్గర, ఎంత సిగ్గుపడి నేర్చుకున్నానో మాత్రం చెప్పను. ఇవాళ చెప్పేస్తాను. ఇందులో తప్పు చేసింది నేనొక్కణ్ణే, మిగిలినవాళ్లంతా మంచివాళ్లు. (చెబుతున్నది తప్పు చేసినవాడే కాబట్టి ఈ ఒక్క మాట నమ్మొచ్చు.)

మాది మోమిన్‌పేట్ దగ్గర చిన్న ఊరు. డిగ్రీ అయ్యాక వికారాబాద్‌లో ఒక జిరాక్స్ దుకాణం పైన నడిచే మూడు నెలల వెబ్ డిజైన్ కోర్సులో చేరాను. కంప్యూటర్లు నాలుగు, మేము పదకొండు మంది, కరెంటు దాని ఇష్టం. అందుకని మా సారు చాలావరకు నోటితోనే నేర్పేవాడు. "రాసుకోండి. మొదటి పేజీలో అన్నిటికన్నా అందమైన బొమ్మ ఉండాలి. కదిలేది ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే చూసేవాడి కన్ను నిలవదు. మన గొప్ప మనమే చెప్పుకోవాలి, పక్కింటివాడు వచ్చి చెప్పడు" అనేవాడు. మేము తలలు వంచుకుని డిక్టేషన్ రాసినట్టు రాసుకునేవాళ్లం. ఆ మూడు నెలల్లో నేను మౌసు పట్టుకున్న సమయం కన్నా పెన్ను పట్టుకున్న సమయమే ఎక్కువ. అయినా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి లామినేషన్ చేయించుకుని, ఇక ప్రపంచాన్ని ఉద్ధరించడానికి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని, తాండూరులో ఉన్న మా మేనమామ దగ్గరికి వెళ్లాను.

మా అమ్మవాళ్లది గొర్లు కాచిన కుటుంబం. మామ చిన్నప్పుడు బషీరాబాద్ వైపు మందతో తిరిగాడు. పెద్దయ్యాక నాపరాయి గనుల్లో పనిచేసి, చివరికి తాండూరు శివారులో రాళ్లు నున్నగా చేసే పాలిష్ మిషన్ ఒకటి లీజుకు తీసుకున్నాడు. ఒక రేకుల షెడ్డు, ఒక మిషన్, ఇద్దరు పనివాళ్లు, చుట్టూ గోడకు ఆనించి నిలబెట్టిన బండలు, అన్నిటి మీదా తెల్లటి రాతి దుమ్ము. షెడ్డు వెనకే ఇల్లు. "మా ఇంట్ల ఉప్పేదో దుమ్మేదో నాలికె పెట్టి చూస్తెనే తెలుస్తది" అనేది అత్త. మామకు నేను నా పథకం వివరించాను. ఆయన బీడీ ఆర్పి శ్రద్ధగా విన్నాడు.

"గీ వెబ్‌సైట్ ఏడ పెడ్తవ్ అల్లుడ? షెడ్డు ముందటనా?"

"షెడ్డు ముందట కాదు మామా. ప్రపంచంల ఏడికెల్లయినా కనబడ్తది."

"తాండూర్ల కనబడ్తదా?"

"కనబడ్తది."

"గట్ల చెప్పు. దుబాయోడు వచ్చి బండ ఎత్తుకపోతడా? మనకు కావల్సింది వికారాబాదోడు."

"పెడ్తె పెట్టు గని, దాంట్ల మీ మామ ఫొటో పెట్టకు" అంది అత్త లోపలినుంచి. "ఉన్న గిరాకి గూడ పోతది."

కాబట్టి రాయి ఫొటో పెట్టాలని తేలింది. ఇక్కడ తాండూరు నీలి రాయి గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పేరుకు నీలి రాయే కానీ, ఎండి ఉన్నప్పుడు అది బూడిద రంగులో, కాస్త నీలం కలిసీ కలవనట్టు, నెమ్మదస్తుడిలా ఉంటుంది. దాని మీద మగ్గుడు నీళ్లు పోశారో, లోపల దాక్కున్న నీలమంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. అందుకే అక్కడి షెడ్లలో ఒక ఆచారం ఉంది. గిరాకీ గడపలో అడుగు పెట్టగానే, కూర్చోమని అనకముందే, పనివాడు మగ్గు తెచ్చి బండ మీద నీళ్లు కొడతాడు. దాన్ని ఎవరూ మోసమనుకోరు. ఎందుకంటే గిరాకీ బేరమాడి, చాయ్ తాగి లేచేలోపు ఆ బండ ఎండకు ఆరిపోయి తన అసలు రంగు తానే చెప్పేసుకుంటుంది. తడి రంగూ పొడి రంగూ రెండూ చూసే కొంటారు. ఫొటోకు మాత్రం ఆరే గుణం లేదు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

తట్టలేదని రాశాను కానీ, ఒప్పుకోవాలి, అది సగమే నిజం. ఫొటో తీసిన రోజు నేను ఒక మగ్గుతో ఆగలేదు. మిషన్ నడిపే పెద్దన్నను (ఆయనది కర్ణాటక సరిహద్దు అవతలి ఊరు) ఇంకొకటి పొయ్యమన్నాను, ఆ తర్వాత ఏకంగా బకెట్టే ఎత్తమన్నాను. ఆయన కన్నడంలో "సాకప్పా", ఇక చాలని చేతులెత్తేసి, "రాయికి సర్ది జేస్తది" అన్నాడు. ఆ ఫొటో తీసుకుని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి కంప్యూటరులో వేసి చూస్తే, అక్కడ రంగులు మార్చే గీత ఒకటి కనబడింది. కుడివైపు జరిపితే నీలం పెరుగుతుంది. జరిపాను. బాగుంది. ఇంకొంచెం జరిపాను. ఇంకా బాగుంది. నేను చేయి తీసేసరికి అది రాయిలా కాక, బట్టల దుకాణంలో బొమ్మకు కట్టిన పట్టుచీరలా ఉంది.

ఇక వెబ్‌సైట్ వైభవం చెప్పనలవి కాదు. నల్లటి తెర మీద ఎర్రటి అక్షరాలు కుడినుంచి ఎడమకు పరుగెత్తేవి. రెండు మూలలా రెండు దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉండేవి. పేజీ తెరవగానే సన్నాయి మోగేది. (ఇంటర్నెట్ సెంటరులో ఎవరైనా తెరిస్తే మిగతా అరల్లోంచి తలలు లేచి, పెళ్లి ఎవరిదని చూసేవి.) పట్టుచీర లాంటి ఆ బండ కింద "ప్రపంచ ప్రసిద్ధి గాంచిన రాయి, యాభై ఏళ్ల అనుభవం" అని రాశాను. ఇక ప్రచారం. బషీరాబాద్ దారిలో తిరిగే మూడు షేర్ ఆటోల వెనక వెబ్‌సైట్ అడ్రసు రాయించాను. ఒక ఆటో డ్రైవరు దాన్ని వారం రోజులు మోసి, చివరికి ఉండబట్టలేక "అన్నా, గీ అడ్రస్ ఏ గల్లీల ఉంటది? ఎక్కేటోళ్లు అడుగుతుండ్రు" అన్నాడు. అనంతగిరి గుడికి వచ్చేవాళ్లకు కరపత్రాలు పంచాను. భక్తులు వాటిని ఎంతో గౌరవంగా రెండు చేతులా అందుకుని, నాలుగుగా మడిచి, ప్రసాదం పులిహోర పెట్టుకుని తిన్నారు.

అయినా ఒక నెలకు ఫోన్ మోగింది. వికారాబాద్‌లో రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ. ఉద్యోగమంతా అద్దె ఇళ్లలో గడిపి, అప్పుడే సొంత ఇల్లు కట్టుకుంటోంది. వాకిలంతా నీలి రాయి పరిపించాలని ఆవిడ కోరిక. వాళ్ల తమ్ముడి కొడుకు మా వెబ్‌సైట్ చూపించాడట.

"బాబు, నాకు మోకాళ్ల నొప్పి, తాండూర్ దాక రాలేను. ఫొటోల ఉన్న రాయే పంపుతరా?"

మామ పక్కనుంచి చేతులు ఊపుతూ, "రెండు ముక్కలు బస్సుల పంపుతమని చెప్పు, చూస్కొని చెప్పుమను" అంటున్నాడు. నేను ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి, ఆయన వైపు జాలిగా చూశాను. ముక్కలు బస్సులో పంపేటట్టయితే ఇక వెబ్‌సైట్ ఎందుకు? "ముక్కలు గిట్ల ఏం అవసరం లేదు మేడం. ఫొటోల ఎట్లుందో గట్లనే వస్తది" అన్నాను. మామ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "అమ్మ, నచ్చకుంటె నేనే వచ్చి వాపస్ తీస్కపోత. ఇది నా మాట" అన్నాడు.

దళారీ లేకుండా మామకు నేరుగా వచ్చిన మొదటి గిరాకీ అది. ఆ పాలిష్ షెడ్ల వీధిలో మాట ఇవ్వడం అంటే ఏమిటో నాకప్పుడు సరిగ్గా తెలియదు. బండలతో వెళ్లిన బండి బండలతోనే తిరిగొస్తే వీధి వీధంతా చూస్తుంది. వాపస్ వచ్చిన రాయి ఎవరిదని అడుగుతారు, ఆ తర్వాత షెడ్డు ముందు ఆగే గిరాకీ పక్క షెడ్డు ముందు ఆగుతుంది. మామ దగ్గర ఉన్నదల్లా ఒక అద్దె మిషన్, ఒక మంచి పేరు. అందులో మిషన్ కూడా ఆయనది కాదు.

నాలుగు రోజులకు, పొద్దున డీసీఎం వ్యానులో లోడు వెళ్లింది. మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేసి, "మీ బండలు వచ్చినయ్. మీరు గూడ రాండ్రి" అని పెట్టేసింది. ఇద్దరం రైలెక్కాం. దారంతా మామ, పగిలినయేమో, అంచులు విరిగినయేమో అని పరేషాన్ అవుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చెట్లు చూశాను. చెట్లను అంత శ్రద్ధగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది టీచరమ్మ. ఒళ్లో మా వెబ్‌సైట్ రంగుల ప్రింటు, చేతిలో ఎర్ర పెన్ను. దించిన బండలు ఎండలో బూడిద రంగులో, నెమ్మదిగా, ఏ పాపం ఎరగనట్టు పడున్నాయి. కూర్చోమంది కానీ కుర్చీలు లేవు. నేను ఒక బండ మీదే కూర్చున్నాను.

"ఇది మీ రాయేనా?" అని నేల వైపు చూపించింది.

"మా రాయే అమ్మ" అన్నాడు మామ.

"మరి ఇది?" అని ప్రింటు చేతికిచ్చింది.

మామ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. అప్పటిదాకా ఆయన వెబ్‌సైట్‌ను ఒకే ఒక్కసారి, దూరంనుంచి, సన్నాయి వింటూ చూశాడంతే. నా వైపు తిరిగాడు. "అల్లుడ, గిది మన రాయేనా?"

"మన రాయే మామా" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ నా జన్మలో నేను ఆడిన పెద్ద అబద్ధం ఏదని ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాను.

మామ నన్ను నమ్మాడు. నమ్మి, ఫొటోలోని బండలకు బదులు వేరేవి ఎక్కాయనుకుని, చేతులు జోడించి, "అమ్మ, లోడు మారినట్టున్నది. తప్పు నాదే. వాపస్ తీస్కపోత" అన్నాడు. పది రోజుల్లో గృహప్రవేశం పెట్టుకున్నానని ఆవిడ అంటోంది. ఆయన తువ్వాల తలకు చుట్టి, మొదటి బండ ఎత్తి, ఇంకా అక్కడే ఆగి ఉన్న బండిలో పెట్టాడు. కూలీలు వెళ్లిపోయారు, డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. మామ రెండోది ఎత్తాడు. మూడోది ఎత్తాడు. అప్పుడు నేను లేచాను. మనస్సాక్షి తట్టి లేపిందని మీరు అనుకుంటే నాకు సంతోషమే కానీ, నిజం ఏమిటంటే నాలుగోది నేను కూర్చున్న బండ.

లేచినవాణ్ణి ఊరుకోలేక, ఇంటి పని కోసం పెట్టిన డ్రమ్ములోంచి బకెట్టు నీళ్లు ముంచి ఆ బండ మీద కుమ్మరించాను. నీలం పైకి వచ్చింది. "మేడం, లోడు మారలే. ఫొటో తీసినప్పుడు నీళ్లు పోసి తీసిన" అన్నాను. సగం ఒప్పుకుంటే సరిపోతుందని నా ఆశ.

టీచరమ్మ వంగి ప్రింటును బండ పక్కన పెట్టి చూసింది. "ఇంక అంత రాలేదే" అంది. "ఇంకో బకెట్టు పొయ్యి." పోశాను. "ఇంకోటి." పోశాను. నీళ్లు ఆవిడ చెప్పుల దాకా వచ్చాయి. బండ ఎంత నీలం కావాలో అంతా అయింది, ఇక దాని వల్ల కావడం లేదు. "ఎన్ని బకెట్లకు ఈ రంగొస్తదో చెప్పు, సూత్రం రాసుకుంట" అంది ఆవిడ. బకెట్టు కింద పెట్టి, కంప్యూటరులో గీత కుడివైపు జరిపిన సంగతి కూడా చెప్పేశాను.

మామ తువ్వాల విప్పి భుజం మీద వేసుకున్నాడు. "రాయికి రంగేసినవా?"

"రాయికి కాదు మామా, ఫొటోకు."

"గా ఫొటోను చూసే గద అమ్మ రాయి కొన్నది."

ఆయన నన్ను తిట్టలేదు. టీచరమ్మ వైపు తిరిగి, "అమ్మ, ఇందాక లోడు మారిందన్న. మారలే. ఇదే మా రాయి. ఇంతకన్న నీలం మా దగ్గర లేదు, తాండూర్ల ఎవ్వని దగ్గర లేదు. ఉంచుమంటె ఉంచుత, ఎత్తుమంటె ఎత్తుత" అన్నాడు.

"ఆరనియ్యుండ్రి, చూద్దాం" అంది ఆవిడ.

అలా ముగ్గురం ఒక బండ ఆరేదాకా కూర్చున్నాం. మీరెప్పుడైనా రాయి ఆరడం చూశారో లేదో. ముందు అంచులు తెల్లబడతాయి, తర్వాత మధ్యలో తడి దీవిలా మిగులుతుంది, ఆ దీవి చిన్నదవుతూ అరచేయంత అవుతుంది. నా ప్రాణం ఆ అరచేయంత తడిలో ఉంది. అదీ ఆరిపోయింది. టీచరమ్మ చెప్పులు విడిచి, మోకాలు పట్టుకుంటూ లేచి, బండ మీద నిలబడింది. రెండడుగులు వేసింది. ప్రింటు చూసింది, కిందికి చూసింది.

"ఇదేమో పరీక్షకు ముందురోజు చదివి వచ్చిన పిల్లగాని లెక్క ఉన్నది" అంది కాగితం చూపిస్తూ. తర్వాత కాలితో బండను తట్టి, "ఇది రోజు బడికొచ్చే పిల్లగాడు. నాకు రోజు నడవాలె. ఉండనియ్యుండ్రి" అంది.

మామ బండిలోకి ఎక్కించిన మూడు బండలనూ తానే దించి, గోడకు ఆనించి, అంచులు తువ్వాలతో తుడిచాడు.

"నువ్విటు రా" అంది టీచరమ్మ. నేను వెళ్లాను. ప్రింటు ఒళ్లో పరుచుకుని ఎర్ర పెన్ను మూత తీసింది. "ప్రపంచ ప్రసిద్ధి. ఎవరు చెప్పిండ్రు?"

"మేమే మేడం."

కొట్టేసింది. "యాభై ఏండ్ల అనుభవం. మీ మామకెన్నేండ్లు?"

"ముప్పయెనిమిది అమ్మ" అన్నాడు మామ, దాచకుండా.

"పుట్టకముందు పన్నెండేండ్లు బండలు గొట్టిండా?" కొట్టేసింది. "ఈ దీపాలేంది, ఇంట్ల కరెంటు పోతుందో వస్తుందో తెలుస్తలేదు. గా సన్నాయికి మా తమ్ముని కొడుకు చెవులు మూసుకున్నడు. ఫోన్ నంబర్ ఏది?"

"అన్నిటికన్న కింద ఉన్నది మేడం."

"దుకాణం బోర్డు గూడ నేల మీదనే పెడ్తరా మీరు? పైకి తే. ఏ ఏ సైజు బండలున్నయో ఏడ రాసినవ్?"

"రాయలే మేడం."

"రాయాల్సింది రాయలే, రాయగూడనిదంతా రాసినవ్. రాయి ఎండినప్పుడొకటి, తడిసినప్పుడొకటి, రెండు ఫొటోలు తియ్యి. ఎండింది ముందు పెట్టు."

చివర్లో కాగితం కింద పదికి రెండు మార్కులు వేసి సంతకం పెట్టింది. ఆ రెండూ ఫోన్ నంబరు తప్పుల్లేకుండా రాసినందుకట. మూడు నెలల కోర్సులో నేర్వనిది నేను ఆ అరగంటలో నేర్చుకున్నాను.

తిరుగు రైల్లో మామ, తాండూరు దగ్గరపడుతుంటే పల్లీల పొట్లం విప్పి, "మూడు బండలు ఎత్తేదాక ఊకున్నవ్" అన్నాడు.

"ఊకున్న మామా."

"నాలుగోది ఎత్తనియ్యలే" అని సగం పల్లీలు నా చేతిలో పోశాడు. నాలుగోది నేను కూర్చున్న బండ అని ఆయన గమనించలేదో, గమనించీ వదిలేశాడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

కొత్త వెబ్‌సైట్‌లో ఎండిన రాయి ముందు, తడిసిన రాయి వెనక పెట్టాను. అది చూసి మొదట ఫోన్ చేసిన ఆయన "ఏందయ్యా, మీ రాయి గింత సాదాగున్నది" అన్నాడు. "సాదాగనే ఉంటది సార్, వచ్చి చూస్కోండ్రి" అన్నాను. ఆయన రాలేదు. గృహప్రవేశంలో టీచరమ్మ వాకిలి తొక్కి చూసిన బంధువుల్లో ఇద్దరు మాత్రం వచ్చారు. అలా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, కొన్నేళ్లకు మిషన్ మామ సొంతమైంది.

మొన్న ఆ వెబ్‌సైట్‌ను మళ్లీ కొత్తగా తయారుచేస్తూ, ఏళ్లతరబడి తొక్కినా మా రాయి ఎలా ఉంటుందో చూపించాలని వికారాబాద్ వెళ్లాను. టీచరమ్మ వరండాలో పేపరు చదువుకుంటోంది, పక్కన చేతికర్ర. వాకిలి బండలు నడిచి నడిచి మెత్తగా, అద్దం మీద ఊదినట్టు మసకగా ఉన్నాయి. నేను ఫోన్ తీసి, వంగి, తెరలో చూశాను. బాగానే ఉంది. కాస్త చప్పగా ఉందనిపించింది. బకెట్టు పట్టుకుని తిరిగిన ఆ ఇరవై రెండేళ్లవాడు ఎప్పుడో వెళ్లిపోయాడని ఇన్నేళ్లూ అనుకున్నాను, వాడి గురించి నలుగురికీ నీతులు కూడా చెప్పాను. వాడు ఎక్కడికీ పోలేదు, నా భుజం పక్కనే వంగి తెరలోకి చూస్తున్నాడు. వాణ్ణి చూసి నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇద్దరి కళ్లూ కలిసి వాకిట్లో మూలనున్న కుళాయి వైపు వెళ్లాయి.

"నల్లా దిక్కు చూడకు" అంది టీచరమ్మ, పేపరులోంచి తలెత్తకుండానే.

"చూస్తలే మేడం" అన్నాను. చూశాను.